నా చెయ్యి, పచ్చజొన్న నిద్ర

నా కుడిచేతికి మా ఊళ్ళో ఒక పేరుంది. అది మంచి పేరు కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు నాకు యాభై మూడు. ఈ మధ్యలో ఊరికి తారురోడ్డు వచ్చింది, మంచినీళ్ళ ట్యాంకు వచ్చింది, సెల్ టవర్ వచ్చింది. నా చేతి పేరు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మాది ఉదయగిరి దాటాక సీతారామపురం దోవలో ఒక మెట్ట ఊరు. మా వైపు విత్తనం వేయాలంటే ముందు చెయ్యి చూస్తారు. నేల, వాన, గింజ, ఎరువు అన్నీ ఆ తర్వాతే. ఇంట్లో ఒక ఆడమనిషి చెయ్యి మంచిదని తేలిందనుకోండి, మొదటి గుప్పెడు ఆమె చేత చల్లించి, తర్వాత గొర్రు తోలినా ట్రాక్టర్ తోలినా ఎవరూ పట్టించుకోరు. చెయ్యి మంచిది కాదని తేలితే మాత్రం ఆ మనిషి చేను గట్టు మీద నిలబడినా అనుమానమే.

నా సంగతి తేలింది ఇట్లా. ఆ ఏడు కోత అయిపోయి కళ్ళంలో పచ్చజొన్న కుప్ప ఉంది. ఎద్దులకు పచ్చిమేత కావాలని నాయన బావి కింద అరెకరం దున్నించాడు. మొదటి గుప్పెడు వేయడానికి అవ్వ మా అక్కను పిలిచింది. అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆ రోజు దానికి జ్వరం. అందుకని నాకు తలంటి, పూలు పెట్టి, కళ్ళంలోంచి అప్పుడే తెచ్చిన కొత్త జొన్నలు దోసిట్లో పోశారు. ఎంత శ్రద్ధగా చల్లానో నాకింకా గుర్తుంది. ఒక్క గింజ కూడా కాలవలో పడనివ్వలేదు.

ఐదో రోజుకు మొలక రావాలి. రాలేదు. ఎనిమిదో రోజుకూ రాలేదు. పదో రోజు నాయన వేలితో మట్టి తవ్వి చూస్తే, గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కుళ్ళలేదు, పురుగు పట్టలేదు, కొంచెం ఉబ్బి హాయిగా పడుకుని ఉన్నాయి.

అవ్వ నా చెయ్యి పట్టుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "దీని చెయ్యి మంచిది గాదురా అబ్బయా. సల్లంగా ఉండాది సూడు, పాము మాదిరి" అని నాయనతో అన్నది. పొద్దున్నే బావి నీళ్ళతో చేతులు కడుక్కున్న పిల్ల చెయ్యి చల్లగా కాక ఎట్లా ఉంటుంది? ఆ మాట అనడానికి నాకప్పుడు తెలివి లేదు.

నలభై రోజుల తర్వాత, అదే మడిని మళ్ళీ దున్ని, అదే కుప్పలో మిగిలిన జొన్నలను అక్క చేత చల్లించారు. మొలక దువ్వెన పళ్ళలాగా వచ్చింది. అందులో కొన్ని నేను వేసినవి కూడా అయ్యుండొచ్చని ఎవరికీ తోచలేదు. ఆ రోజు నుంచి అక్క చెయ్యి మంచిది, నా చెయ్యి చెడ్డది. ఇంటిల్లిపాదికీ ఎంతో తేలికైంది, ఒక సందేహం తీరిపోయింది కదా.

తర్వాత నన్ను పాలు తోడు పెట్టనివ్వలేదు. ఊరగాయ జాడీ మూత తీయనివ్వలేదు. కోడిని పొదగేసే రోజు నన్ను పెద్దమ్మ వాళ్ళింటికి పంపించేసేవాళ్ళు. పక్కింటి అమ్మాయి పదో తరగతి లెక్కల్లో తప్పితే, పరీక్షకు పెన్ను ఇచ్చింది నేనేనని వాళ్ళమ్మ మా వాకిట్లో నిలబడి గోల చేసింది. ఆ అమ్మాయి అంతకు ముందు మూడేళ్ళుగా లెక్కల్లో తప్పుతూనే ఉంది. అప్పుడు ఎవరి పెన్నో అడగాలనిపించింది. పేడ పిసికి పిడకలు చేసే పని మాత్రం నా చేతికి బాగా సరిపోయింది. అక్క చెయ్యి పాడైపోతుందని దాని వంతు పిడకలు కూడా నేనే కొట్టాను. పెళ్ళయ్యేదాకా కొట్టాను. అవి మాత్రం చక్కగా ఎండేవి.

ఇంత చేసి నన్ను ఎవరికిచ్చారు? ఆత్మకూరులో విత్తనాల కొట్టు ఉన్నాయనకు. పెళ్ళిచూపుల్లో నేను పాడతానా, కుడతానా అని అడిగారు గానీ, మొలిపిస్తానా అని ఎవరూ అడగలేదు. మా వాళ్ళూ చెప్పలేదు. మావారికి సంగతి తెలిసింది పెళ్ళయిన రెండో నెలలో. మా ఊరి రైతు ఒకాయన సజ్జల కోసం కొట్టుకు వస్తే నేను ప్యాకెట్ తీసి చేతికివ్వబోయాను. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, "ఏమనుకోబాక తల్లా, ఆ బల్ల మీద పెట్టు, నేను తీసుకుంటా" అన్నాడు. మావారు కారణం అడిగారు. ఆయన చెప్పాడు. మావారు వ్యాపారస్తుడు కాబట్టి నవ్వలేదు. మర్నాడే ఒక స్టీలు పళ్ళెం కొనుక్కొచ్చారు. ఉదయగిరి వైపు నుంచి ఎవరొచ్చినా నేను ప్యాకెట్‌ను ఆ పళ్ళెంలో పెట్టి జరపాలి. వింజమూరు, జలదంకి వాళ్ళకైతే చేత్తోనే ఇవ్వొచ్చు, అక్కడిదాకా నా పేరు పాకలేదు.

ఆ కొట్టులోనే నాకు అసలు సంగతి తెలిసింది. విత్తన పరీక్షలు చేసే ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధిలో ఉండేవారు. పేపర్ చదువుకోవడానికి రోజూ మా కొట్టుకే వచ్చేవారు. పేపర్ అయిపోయాక గింజల గురించి మాట్లాడేవారు. గింజ అంటే బతికున్న ప్రాణి అనీ, డబ్బాలో పడి ఉన్నా మెల్లగా ఊపిరి తీస్తూనే ఉంటుందనీ, ఎండ వేడికీ గాలిలో చెమ్మకూ మనలాగే ముసలిదైపోతుందనీ ఆయనే చెప్పారు. "ముసలిదయినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదమ్మా. కొన్నిటికి ఓపిక తగ్గుతుంది అంతే. ఒక పూట నీళ్ళల్లో నాననిచ్చి, మొలక రాకముందే తీసి, నీడన మళ్ళీ గలగలలాడేదాకా ఆరబెట్టు. నీళ్ళు తగలగానే లోపల దెబ్బతిన్నదాన్నంతా అది సరిచేసుకోవడం మొదలుపెడుతుంది. ఆరబెట్టాక కూడా ఆ బాగుపడింది నిలుస్తుంది. చచ్చిన గింజ మాత్రం నువ్వేం చేసినా లేవదు" అనేవారు.

ఒక రోజు మాటల మధ్యలో, "కొత్త గింజకు ఇంకో రకం తంటా ఉంది. మీ పచ్చజొన్నే తీసుకో, కళ్ళంలోంచి తీసిన వెంటనే వేస్తే మొలవదు. నిద్రలో ఉంటుంది. నెలో నెలన్నరో పోతే దానంతట అదే లేస్తుంది" అన్నారు.

నా చేతిలో ఉన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆయన్ను మళ్ళీ చెప్పమన్నాను. మూడోసారి చెప్పించుకుని, కాగితం మీద రాయించుకున్నాను. ఆ ఆదివారమే బస్సెక్కి మా ఊరు వెళ్ళి, అమ్మనూ తమ్ముడినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఊరి పొలం చూసుకునేది మా తమ్ముడే. కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. "గింజలు నిద్రపోతాయా? పగలా, రాత్రా?" అన్నాడు. తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దుకుంది. నేను ఉన్నన్ని తిట్లూ తిట్టి తిరుగు బస్సెక్కాను. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఎప్పటికైనా నా చేత్తో మా చేలో మొలక తెప్పించి, అందరి ముందూ ఈ చెయ్యి ఎత్తి చూపిస్తానని.

ఆ అవకాశం పోయిన ఏడు వచ్చింది. మా తమ్ముడికి షుగర్ వచ్చింది. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నాడు డాక్టర్. ఊళ్ళో అందరూ పచ్చజొన్న మానేసి ఏళ్ళయింది. అప్పుడు గుర్తొచ్చింది వాడికి, అమ్మ ఐదేళ్ళ కిందట చివరి పంటలోంచి తీసి, బూడిద కలిపి, వేపాకు వేసి అటక మీద పెట్టిన నూనె డబ్బా. మా ఇంటి పచ్చజొన్న ఇంకెక్కడా లేదు, ఆ డబ్బాలో ఉన్నదే. జొన్న విత్తే చిత్తకార్తె దగ్గరపడుతుంటే తమ్ముడు ఆ డబ్బాను ఆత్మకూరు బస్సులో పంపించి ఫోన్ చేశాడు.

"అక్కా, దీనికి తెగులు రాకుండా పొడి కలిపి పంపించు. ఒక్క మాట, ఏమనుకోబాక. చెయ్యి పెట్టబాక. గరిటెతో కలుపు" అన్నాడు.

"అట్లాగే నాయనా, గరిటెతోనే కలుపుతా" అన్నాను, నా జన్మలో లేనంత నెమ్మదిగా. ఫోన్ పెట్టేసి రెండు చేతులూ మోచేతులదాకా ఆ డబ్బాలో దూర్చాను. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

ముందు నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి పెట్టాను. ఐదు రోజులకు విప్పి చూస్తే ముప్పై ఎనిమిదే మొలిచాయి. అవి కూడా జ్వరం నుంచి లేచినట్టు సన్నగా, వంకరగా ఉన్నాయి. దిగులేసింది. తమ్ముడు వీటినిట్లాగే వేసుంటే చేను బోడిగా మిగిలేది, డబ్బా అటు నుంచి ఇటు వచ్చినప్పుడు నేను ముట్టుకున్నానని ఊరంతా తేల్చేసేది. పెద్దాయన చెప్పినట్టు జొన్నలన్నీ పొద్దున్నే బేసిన్లలో నానబోశాను. మధ్యాహ్నం తీసి, నీళ్ళు వార్చి, పెద్దగదిలో ఫ్యాన్ల కింద దుప్పట్లు పరిచి ఆరబోశాను. మూడు రోజులు మావారు గోడవారగా, దొంగలాగా నడిచారు. ఒక రోజు కాలికింద గింజలు పడితే, "ఇవి కోలుకుంటున్నాయా, నిద్రపోతున్నాయా? కొంచెం చెప్తే దాన్నిబట్టి నడుస్తా" అన్నారు. కోలుకుంటున్నాయని చెప్పాను. ఆరాక మళ్ళీ నూరు గింజలు కట్టి చూశాను. అరవై నాలుగు. చచ్చినవి లేవలేదు గానీ, నీరసపడినవి లేచి కూర్చున్నాయి. ఆ గోనెపట్టా ముందు కూర్చుని నేను ఏడ్చాను. ఏడ్చి, అరవై నాలుగింటినీ మళ్ళీ లెక్కపెట్టాను. తర్వాత గరిటెతో పొడి కలిపాను, ఇచ్చిన మాట తప్పకూడదు కదా.

"నూటికి అరవై మొలుస్తాయి, ఒత్తుగా వెయ్యి" అని తమ్ముడికి చెప్పి, విత్తనం వేసే రోజు నేనూ వస్తానన్నాను. వాడు "రా, గానీ దూరంగా నిలబడు" అన్నాడు.

చిత్తకార్తెలో వాన పడింది. తడి ఆరేలోపల వేసెయ్యాలి, రెండు రోజులు మించి టైం లేదు. సరిగ్గా విత్తనానికి ముందు రోజే వింజమూరులో ఉన్న అక్క బాత్‌రూంలో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. మణికట్టు నుంచి మోచేయి దాటేదాకా పిండికట్టు. డాక్టర్ కదలొద్దన్నాడు. మా ఇంట్లో కేకలు పుట్టాయి. అక్క నొప్పి గురించి కాదు. ఆ చెయ్యి లేకుండా జొన్న ఎట్లా వేయాలని.

ఎకరం చేను పక్కన ట్రాక్టర్ సిద్ధంగా ఉంది, బేసిన్ నిండా జొన్నలు సిద్ధంగా ఉన్నాయి, వాటిని ఆత్మకూరులో ఫ్యాన్ల కింద బతికించుకున్న నేను ట్రాక్టర్ వెనకాల ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. నా చేతులు వెనక్కి కట్టుకోమని గట్టు మీద నుంచి పెద్దమ్మ కబురు పంపింది. కట్టుకున్నాను. అప్పుడు తమ్ముడికి ఆ బుద్ధి పుట్టింది. అక్కకు వీడియో కాల్ చేశాడు.

ఫోన్‌లో ముందు అక్క ముఖం కనిపించింది, తర్వాత పిండికట్టు. "ఏళ్ళు బయటుండాయి గదా, ఏళ్ళు చూపించు" అన్నాడు తమ్ముడు. అక్క వేళ్ళు కదిలించబోయి అమ్మో అని అరిచింది. ఎడమచెయ్యి చూపించింది. ఎడమచేత్తో విత్తనమేంది అని పెద్దమ్మ కోప్పడింది. అక్క అక్కడ నుంచి, "నాకు ఫోన్‌లో కుడిచెయ్యి మాదిరే కనపడతా ఉండాది" అన్నది. నిజమే, తన ఫోన్‌లో తనకు అద్దంలోలాగా కనిపిస్తుంది. మాకు మాత్రం ఎడమచెయ్యే. ఎవరికి కనిపించేది లెక్క అని చేను గట్టు మీద పావుగంట వాదన జరిగింది. ట్రాక్టర్ డ్రైవర్ బీడీ ముట్టించి, చెయ్యి ఎవరిదో వాళ్ళకు ఏది కుడి అయితే అదే కుడి అని తీర్పు చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు.

తమ్ముడు ఫోన్‌ను బేసిన్ మీద బోర్లించి పట్టుకుని, "ఇప్పుడు చల్లక్కా" అన్నాడు. అక్క ఎడమచెయ్యి గాల్లో తిప్పింది. మధ్యలో సిగ్నల్ పోయి, ఐదు వేళ్ళూ విచ్చుకుని బొమ్మ అట్లాగే నిలిచిపోయింది. సరిగ్గా అప్పుడే తమ్ముడి చేతిలోంచి ఫోన్ జారి జొన్నల్లో పడి కూరుకుపోయింది. కొంతసేపటికి గింజల లోపల నుంచి అక్క గొంతు వచ్చింది. "మే, ఎవురన్నా ఉండారా? నాకేమీ కనపడలా, చీకటిగా ఉండాది!"

పెద్దమ్మ చేతులెత్తి దండం పెట్టింది. "ఇంకేంది, దాని చెయ్యి గింజలో కలిసిపోయినాది" అన్నది. ట్రాక్టర్ కదిలింది. నేను వెనక్కి కట్టుకున్న చేతులు అట్లాగే ఉంచుకుని, పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

ఐదో రోజు మొలక వచ్చింది. రెండు వారాలకు తమ్ముడు ఫోటోలు తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాలు సాలంతా పచ్చగా లేచింది. అందరూ అక్కకు దండాలు పెట్టారు. "ఫోన్లో చూపిస్తేనే ఇట్టా వచ్చినాదంటే, అది మామూలు చెయ్యి గాదు" అని బెంగుళూరులో ఉండే పెద్దమ్మ కొడుకు రాశాడు. నేను ఆగలేకపోయాను. ఆ గింజల్ని నేను నానబెట్టానని, నేను ఆరబెట్టానని, రెండు చేతులూ పెట్టానని, అరవై నాలుగని మొత్తం రాసి పెట్టాను.  గంట తర్వాత ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఆ తర్వాత ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టారు. అప్పుడు టైం సాయంత్రం నాలుగు.

 అక్కతోనే తేల్చుకుందామని మర్నాడు వింజమూరు బస్సెక్కాను. మా అక్కతో పోట్లాడటం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుసు. దానికి గొంతే లేవదు. బావ లారీ తోలుతాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. పిల్లలు లేరు. నేను వెళ్ళేసరికి చీపురుపుల్లతో పిండికట్టు లోపల గోక్కుంటూ కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోపలే, "మే, నీకొక మాట చెప్పాల. కొట్టవు గదా?" అన్నది.

"విరిగిన చెయ్యి. కొట్టను. చెప్పు."

"నా చెయ్యి మంచిది గాదు."

నేను ఏదో అనబోతే ఆపి, మొదలుపెట్టింది. ఎవరు విత్తనానికి పిలిచినా ముందుగా పూజలో పెట్టుకోవాలని చెప్పి గుప్పెడు గింజలు తెప్పించుకుంటుందట. తడిగుడ్డలో మూటగట్టి మొలలో దోపుకుని మూడు నాలుగు రోజులు తిరుగుతుందట, ఒంటి వేడికి తొందరగా మొలుస్తాయని. మొలిస్తే వెళ్తుంది. మొలవకపోతే, "బయటుండా, ఈసారికి రాలేను" అని కబురు చేస్తుంది. ముట్టయిన ఆడమనిషిని విత్తనం ముట్టుకోమనరు కదా.

"అట్టా నెలకు ఎన్నిసార్లమే?" అన్నాను.

"ఒక చిత్తకార్తెలో నాలుగుసార్లు బయటున్నా" అన్నది అక్క, సిగ్గుపడుతూ.

"ఎవురూ అడగలా?"

"అడిగేదానికి మొగోళ్ళకి సిగ్గు, ఆడోళ్ళకి పని."

"మరి అది నిలిచిపోయినాక ఏం చేసినావు?"

"చావులు పెట్టుకున్నా. మైల వచ్చిందని చెప్పేదాన్ని. మీ బావ పిన్నత్తని మూడుసార్లు చంపినా. ఆమె పోయిన వారం గూడా ఇంటికొచ్చి కాఫీ తాగిపోయింది."

నవ్వలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. అక్క కూడా నవ్వింది, నవ్వితే చెయ్యి నొప్పి అని ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. నలభై ఏళ్ళకు పైగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ దణ్ణం పెట్టిన చెయ్యి వెనకాల ఉన్నది ఒక తడిగుడ్డ. ఏనాడో ఒకనాడు మొలవదనీ, ఆ రోజుతో తన పని అయిపోతుందనీ భయంతో ఆ పద్ధతి మొదలుపెట్టిందట. నేను కొట్లో గోనెపట్టాతో చేసే పరీక్షే అది, కాకపోతే అక్క దాన్ని కట్టుకుని పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళింది.

తర్వాత అక్క నవ్వడం మానేసింది. "ఆ గుడ్డతోనే నాకు ఇంకోటి తెలిసింది. కళ్ళంలోంచి తెచ్చిన కొత్తజొన్న ఎవురు కట్టినా మొలవదు. నెలన్నర పోయినాక అదే జొన్న మొలస్తాది. ఆ రోజు నాకు జొరం రాకుండా ఉంటే, నీ పేరు నాకొచ్చుండేది. నువ్వు పెళ్ళయి ఆత్మకూరు పోయిన ఏడే తెలిసింది నాకు. భయపడి నీకు చెప్పలా. అమ్మకి చెప్పినా."

"అమ్మకా?"

"ఎవురికీ చెప్పబాక అనింది. ఎందుకో నేనడగలా."

మా అక్క మీద వచ్చిన కోపమంతా ఎక్కడికో పోయింది. దాని బదులు ఇంకో కోపం వచ్చింది, ఇంతకు ముందు ఎరగనిది. ముప్పై ఏళ్ళు. ముప్పై ఏళ్ళు మా అమ్మ నన్ను చూస్తూ, నేను కాగితం పట్టుకొచ్చి చదువుతుంటే గిన్నెలు సర్దుకుంటూ, తెలిసి తెలిసి ఊరుకుంది. అక్క అన్నం తినమంటే తినలేదు. ఆ మధ్యాహ్నమే ఉదయగిరి బస్సెక్కాను. దారి పొడుగునా అమ్మను ఏమనాలో గట్టిగానే అనుకుంటూ కూర్చున్నాను, పక్క సీట్లో ఆమె లేచి వేరే సీటుకు వెళ్ళిపోయింది.

అమ్మ చేలో ఉంది. నేను ఒత్తుగా వేయమన్నాను కాబట్టి జొన్న ఒత్తుగా లేచింది. ఒకదానికొకటి అడ్డం పడకుండా అదనపు మొక్కలు పీకేస్తోంది అమ్మ. డెబ్బై ఆరేళ్ళ మనిషి, నడుం వంచితే మళ్ళీ సాలు చివరే ఎత్తుతుంది. నేను గట్టు మీద నుంచే అరిచాను.

"అక్క అంతా చెప్పింది."

"ఏం చెప్పింది?"

"ఆ రోజు జొన్న నిద్రలో ఉండిందంట. నా చేతిలో ఏ దోషమూ లేదంట. నీకు ముప్పై ఏళ్ళుగా తెలుసంట!"

"తెలుసు" అన్నది అమ్మ. నడుం ఎత్తలేదు. ఇంకో రెండు మొక్కలు పీకింది.

"తెలిసి ఎందుకు చెప్పలా?" నా అరుపుకు పక్క చేలో మందు కొట్టే ఆయన మోటర్ ఆపాడు.

అప్పుడు లేచి నిలబడింది అమ్మ. చేతిలో పీకిన మొక్కలు గట్టున పడేసింది.

"అప్పటికి మీ అక్కకి పెళ్ళయి నాలుగేళ్ళు. కడుపు పండలా. పేరంటాలకి పిలవడం మానేసినారు, సీమంతాలకి పిలవడం మానేసినారు. వాళ్ళత్త పొద్దున్నే దాని మొకం చూడకుండా పక్కకి తిరుక్కుని పొయ్యేది. ఇత్తనానికి మాత్రం బండి కట్టి పిలిపించుకుంటా ఉండారు, అందరి ముందరా నిలబెడతా ఉండారు. ఆ ఒక్కటీ పీకి నీకిచ్చేదానికి నాకు చేతులు రాలా. నీకు మొగుడుండాడు, అప్పటికే బిడ్డ కడుపులో ఉండాది, అన్నిటికీ మించి నోరుండాది. దానికి ఏముండాది?"

  అక్క కాఫీ గ్లాసు అందిస్తూ కూడా క్షమించమన్నట్టు చూసే ఆ చూపు గుర్తొచ్చింది. కోపం మాత్రం పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. "ఎవురికీ చెప్పకపోతే పాయ. ఎవురూ లేనప్పుడు నా చేతికి గుప్పెడు జొన్నలు ఇయ్యకూడదా, అమ్మా?" అన్నాను.

అమ్మ నా వైపు చూసింది. కళ్ళు తుడుచుకుందో, చెమటే తుడుచుకుందో, కొంగుతో ముఖమంతా ఒకసారి రుద్దుకుంది.

"ఇయ్యాల్సింది" అన్నది.

అంతే.  మళ్ళీ వంగి, పక్క సాలు వైపు గడ్డంతో చూపించి, "నిలబడి చూస్తావేంది, ఒత్తుగా ఉండాయి, అది నువ్వు పట్టు" అన్నది. చెప్పులు గట్టున విడిచి నేను సాల్లోకి దిగాను.